గ్లోబా, గోడ పటమా, పజిలా, ఫోనా? పిల్లలకు భూగోళం నేర్పడానికి ఏది ఎప్పుడు

మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. 28 రాష్ట్రాలు, వాటి రాజధానులు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా ఒకసారి చెప్పించాల్సిందే. పోయిన వేసవిలో రాజమండ్రిలో వాళ్ల డాబా మీద నిలబడి, "గోదావరి మనకు ఏ దిక్కున ఉంది తల్లీ?" అని అడిగాను. అటూ ఇటూ చూసి, "ఫోన్ ఇవ్వు అత్తా, చూసి చెబుతా" అంది. పుష్కరఘాట్‌లో గోదావరి అవతల, కొవ్వూరు వైపు సూర్యుడు దిగిపోవడం ఆ పిల్ల ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సూర్యుడు పడమట అస్తమిస్తాడని పుస్తకంలో చదివింది కూడా. ఆ రెండూ ఒకటేనని మాత్రం ఎవరూ కలిపి చూపించలేదు.

చాలా ఏళ్లు బడిలో సోషల్ చెప్పినదాన్ని. ఇలాంటి పిల్లల్ని ప్రతి తరగతిలోనూ చూశాను. అందుకే "పిల్లలకి గ్లోబు కొనమంటారా, మ్యాప్ కొనమంటారా, ఏదైనా యాప్ ఉందా" అని ఎవరు అడిగినా ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ పిల్లకి రానిది ఏది? ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు గుర్తుండటం ఒక విద్య. పటం చేతికిస్తే దిక్కు, దూరం, ఎత్తుపల్లాలు పోల్చుకోవడం ఇంకో విద్య. భూమి గుండ్రంగా ఉండి తిరగడం వల్ల ఏమేం జరుగుతాయో మనసుకు ఎక్కడం మూడోది. బజారులో దొరికే వస్తువుల్లో ఏ ఒక్కటీ ఈ మూడూ నేర్పదు. పజిళ్లు, క్విజ్‌లు మొదటిది బాగా నేర్పుతాయి. మూడోదానికి గ్లోబును మించినది లేదు. రెండోదాన్ని నేర్పే వస్తువులకు పెద్దగా ఖర్చే ఉండదు. బహుశా అందుకేనేమో, మనం దాన్నే ఎక్కువగా వదిలేస్తాం.

కొనేముందు: పిల్ల గీసిన పటం

అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు నా మొదటి ఓటు తెల్లకాగితానికే. ఇంటి నుంచి బడి దాకానో, అమ్మమ్మ ఇంటి దాకానో దారి గీయమనండి. మొదటిసారి గీసినప్పుడు దారిలోని కుక్క ఇంటికంటే పెద్దగా ఉంటుంది, కిరాణా కొట్టు ఆకాశంలో తేలుతుంటుంది. దిద్దకండి. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ అదే దారిలో నడవండి. "ఇక్కడ మలుపు తిరిగాం కదా, నీ పటంలో ఉందా?" అని అడిగితే చాలు, తనే చెరిపి మళ్లీ గీస్తుంది. మూడోసారికి రావిచెట్టు, గుడి, నీళ్ల ట్యాంకు వాటి వాటి చోట్లకు వచ్చేస్తాయి.

దిక్కులు నేర్పడానికి తెలుగిళ్లలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఈశాన్యం మూల, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో బరువు అంటూ వాస్తు మాటలు రోజూ చెవిన పడుతూనే ఉంటాయి. వాస్తు మీద మీ నమ్మకం ఎలా ఉన్నా సరే, ఆ మాటలు పిల్లలకు ముందే పరిచయం. "మన వంటిల్లు ఏ మూల ఉంది? అయితే దానికి ఎదురుమూల ఏది?" అని అడిగితే ఎనిమిది దిక్కులూ ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు అన్న మాట వినగానే అవి ఎటు నుంచి వస్తున్నాయో ఇంటి గోడను చూపించి చెప్పగలుగుతారు.

తర్వాత స్కేలు, అంటే పటం మీద ఎంత పొడవు నేల మీద ఎంత దూరమో చెప్పే లెక్క. గది పొడవు అడుగులతో కొలిచి, ఒక్కో అడుగుకు లెక్కల పుస్తకంలో ఒక్కో గడి వేయమనండి. పది అడుగుల గది పది గడులవుతుంది. నిష్పత్తి అన్న మాట ఎత్తకుండానే స్కేలు అర్థమైపోతుంది. నేను ఏడో తరగతిలో స్కేలు పాఠం చెప్పేటప్పుడు, ఇలా ఒక్కసారైనా ఇల్లు కొలిచిన పిల్లలు ఇట్టే అందుకునేవాళ్లు. మిగతావాళ్లు సూత్రం బట్టీ పట్టేవాళ్లు.

గ్లోబు, గోడ పటం: అసలు పోటీ ఈ రెండింటికే

పుట్టినరోజు కానుక అనగానే చాలామంది గ్లోబు వైపే చూస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, తిప్పితే తిరుగుతుంది. కొనండి, తప్పులేదు. కానీ దేనికి పనికొస్తుందో, దేనికి రాదో తెలిసి కొనండి.

30 సెంటీమీటర్ల గ్లోబునే తీసుకుందాం. భూమి అడ్డుకొలత దాదాపు 12,740 కిలోమీటర్లు. అంటే గ్లోబు మీద ఒక సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు నేరుగా గీత గీస్తే 250 కిలోమీటర్లు. అది గ్లోబు మీద ఆరు మిల్లీమీటర్లు, పిల్ల వేలి గోరంత. గోదావరి ఎక్కడ పుట్టి ఎటు పారుతుందో, మన జిల్లా పక్కన ఏ జిల్లా ఉందో దాని మీద వెతకడం అనవసరం. ఎవరెస్టు ఎత్తు దాదాపు 8.85 కిలోమీటర్లు, ఈ గ్లోబు మీద అది మిల్లీమీటరులో అయిదో వంతు. కొండలు చేతికి తగిలేలా ఉబ్బెత్తుగా చేసిన గ్లోబులు ముద్దుగా ఉంటాయి కానీ, వాటిని చూసిన పిల్లలు భూమి నిజంగానే అంత గరుకుగా ఉంటుందనుకుంటారు. మామూలు నున్నటి గ్లోబే మంచిది.

మరి గ్లోబు ఎందుకంటే, ఆ గుండ్రటి ఆకారం వేరే ఎందులోనూ దొరకదు. ఫోన్‌లో మనం చూసే మ్యాప్ పద్ధతి 1569లో మెర్కేటర్ అనే పటాల తయారీదారు వేసిన పటానికి వారసత్వం. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అందులో నేల సాగిపోతుంది. గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి గ్రీన్‌లాండ్ 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం 32.87 లక్షలు, ఆఫ్రికా దాదాపు మూడు కోట్లు. గ్లోబు మీద పలుచటి కాగితం పెట్టి భారతదేశాన్ని గీసి, కత్తిరించి, గ్రీన్‌లాండ్ మీద ఆనించి చూపించండి. "మనమే పెద్దా!" అని పిల్లలు ఆశ్చర్యపోయే ఆ క్షణం కోసమైనా గ్లోబు ఉండాలనిపిస్తుంది.

బాబాయో, అత్తో అమెరికాలో లేని ఇల్లు మన దగ్గర తక్కువ. ఒక దారం ముక్క తీసుకుని గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర ఒక కొన, షికాగో దగ్గర రెండో కొన పట్టుకుని బిగించమనండి. దారం ఐరోపా నడిమధ్య నుంచి, అట్లాంటిక్‌కు అడ్డంగా పోదు. ఉత్తరానికి ఎక్కి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా అవతలికి దిగుతుంది. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలకైతే ఇది ఇంకా దగ్గరి విషయం, తాతయ్య వాళ్లింటికి అతి దగ్గర దారి ధ్రువ ప్రాంతం మీదుగా అని తెలుస్తుంది. అలాగే చీకటి గదిలో టార్చి వేసి గ్లోబును నెమ్మదిగా తిప్పితే, మనకు తెల్లారినప్పుడు అక్కడ రాత్రి ఎందుకో ఇక చెప్పక్కర్లేదు. గ్లోబు ఒరిగి ఉండే 23.5 డిగ్రీల వాలు కాలాలు మారడానికి కారణం. కాబట్టి నిటారుగా నిలబెట్టే చవక బొమ్మ గ్లోబులు వద్దు.

ఇవన్నీ చూపించడానికి నాలుగైదు సాయంత్రాలు చాలు. ఆ తర్వాత గ్లోబు అల్మారా మీదికి చేరుతుంది. గోడ పటం అలా కాదు, అది ఉన్నచోటే ఉండి రోజూ కంటపడుతుంది. సెంటీమీటరుకు 50 కిలోమీటర్ల స్కేలులో కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా 3,214 కిలోమీటర్ల దేశం దాదాపు 64 సెంటీమీటర్ల నిలువు పడుతుంది. హైదరాబాద్‌కీ విజయవాడకీ మధ్య అయిదు సెంటీమీటర్లు ఉంటాయి. అంత చోటు ఉంటే నదులు, రైలు మార్గాలు, ఊళ్లు కనిపిస్తాయి. వార్తల్లో తుఫాను అనగానే లేచి వెళ్లి చూడొచ్చు. క్రికెట్ మ్యాచ్ ధర్మశాలలో అంటే అదెక్కడో వేలు పెట్టొచ్చు.

ఒక్కటే కొనగలిగితే నేను భారతదేశం గోడ పటమే కొంటాను. రెండోది కొనగలిగితే మన రాష్ట్రం పటం. గ్లోబు మూడోది. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదని తెలుసు, కానీ పిల్లలు వేలు పెట్టి వెతికేది తమకు తెలిసిన ఊళ్లనే అని ఇన్నేళ్లూ చూశాను. పటాన్ని హాల్లో, భోజనం చేసే చోటుకు దగ్గరగా, పిల్ల కళ్ల ఎత్తులో అంటించండి. పెద్దవాళ్ల ఎత్తులో మేకుకు వేలాడదీసిన పటం గోడకు అందం, అంతే. లామినేషన్ చేయించినదైతే మార్కర్‌తో గీసి తుడుచుకోవచ్చు.

పజిళ్లు

జిగ్సా పజిల్ అసలు పుట్టిందే భూగోళం నేర్పడానికి. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చెక్కడంపనివాడు చెక్కకు పటం అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి కోసి పిల్లలకు అమ్మాడు. కొనేటప్పుడు చూడాల్సిన గుణం ఇందులోనే ఉంది. ముక్కలు సరిహద్దుల వెంబడి కోసి ఉండాలి, ఒక్కో ముక్క ఒక్కో రాష్ట్రం కావాలి. పటం బొమ్మను మామూలు పజిల్‌లా వంకర ముక్కలుగా కోసినవి కూడా అమ్ముతారు. వాటితో పిల్లలు నేర్చుకునేది ముక్కల ఆకారమే, రాష్ట్రాల ఆకారం కాదు.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల దాకా పజిల్ అద్భుతంగా పనిచేస్తుంది. ఏ రాష్ట్రం పక్కన ఏది ఉందో చేతులకే తెలిసిపోతుంది. పది పదిహేనుసార్లు పెట్టాక మోజు పోతుంది, అది సహజం. అప్పుడు ఒక ముక్క దాచి "ఏది లేదు?" అని అడగడం, కళ్లు మూసుకుని తడిమి పేరు చెప్పమనడం లాంటివి చేస్తే ఇంకో ఆరు నెలలు నడుస్తుంది. చెక్కవి అట్టవాటి కంటే ఖరీదే, కానీ తమ్ముడికీ చెల్లికీ కూడా ఉపయోగపడతాయి.

పైసా ఖర్చులేని ఆటలు కూడా పేర్లు నేర్పడంలో దీనికి తక్కువేం కాదు. ఊళ్ల అంత్యాక్షరి మీకు తెలిసిందే. ఒంగోలు అంటే లు-తోనో, ల-తోనో మొదలయ్యే ఊరు చెప్పాలి. నేను ఒక షరతు కలుపుతాను: చెప్పిన ఊరిని పటంలో చూపిస్తేనే మార్కు. మా బడిలో పాత రోజుల్లో పటం ముందు రెండు జట్లుగా నిలబడి, ఒకళ్లు చిన్న అక్షరాల్లో ఉన్న ఊరి పేరు చెబితే రెండో జట్టు వెతికేది. పదో తరగతి సోషల్ పరీక్షలో పటం గుర్తించే ప్రశ్నకు టెన్షన్ పడేవాళ్లలో ఈ ఆట ఆడినవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు.

అట్లాసు గురించి ఎక్కువ చెప్పను. బడి అట్లాసు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. పదేళ్లు వచ్చాక దాని వెనకున్న ఊళ్ల సూచికలో పేరు చూసి, అక్షాంశం, రేఖాంశం పట్టుకుని పేజీలో ఊరిని కనుక్కోవడం నేర్పండి. ఆ పని ఇంకెక్కడా అంత బాగా రాదు.

ఫోన్, కంప్యూటర్

వద్దని నేను అనను. గూగుల్ ఎర్త్‌లో మన ఇంటి డాబా నుంచి పైకి లేచి, పాపికొండల మధ్య గోదావరి ఇరుకైపోయే చోటు చూసి, అక్కడి నుంచి డెల్టా కాలువల మీదుగా సముద్రం దాకా వెళ్లడం ఏ పటంలోనూ కుదరదు. ఉపగ్రహ చిత్రాలు చూపించే ఇస్రో వాళ్ల సైట్ భువన్ కూడా ఉచితమే. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దాన్ని నడుపుతోంది, 2009 నుంచి ఉంది. మన నేలను మన ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో చూడటం పిల్లలకు గర్వంగా ఉంటుంది. పేర్లు గుర్తుండటానికి సెటెర్రా లాంటి పటం క్విజ్‌లు బాగుంటాయి, రోజూ పది నిమిషాలు చాలు. వీధి ఫోటో చూసి ఏ దేశమో ఊహించే జియోగెస్సర్ పన్నెండేళ్లు దాటినవాళ్లకు మంచి ఆట. రోడ్డుకు ఏ పక్కన బండ్లు వెళ్తున్నాయి, బోర్డు మీద లిపి ఏది, చెట్లు ఎలా ఉన్నాయి అని పరిశీలించడం అలవాటవుతుంది.

నా అభ్యంతరం దారి చెప్పే గొంతుతోనే. "రెండు వందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి" అంటుంటే పటం చదవాల్సిన పనే లేదు. నీలి చుక్క ఎప్పుడూ తెర మధ్యలోనే ఉంటుంది, మనతోపాటు పటమే గిరగిరా తిరుగుతుంది. పిల్ల చేతికి ఇచ్చేటప్పుడు గొంతు ఆపేయండి, ఉత్తరం పైకి ఉండేలా పెట్టండి, "నువ్వే చెప్పు, ఎటు తిరగాలి?" అనండి. రెండుసార్లు తప్పుతారు, పావుగంట ఆలస్యమవుతుంది. ఆదివారం పూట తప్పితే ఏమైంది?

టోపోషీటు: చాలామందికి తెలియని నిధి

పదకొండు, పన్నెండేళ్ల పిల్లలున్న ఇంట్లో ఇది తప్పక ప్రయత్నించండి. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటికీ 1:50,000 స్కేలులో టోపోషీట్లు అనే వివరమైన పటాలు తయారుచేస్తుంది. ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు. వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో లాగిన్ అయితే, అందరికీ వదిలిన పటాలను పీడీఎఫ్‌గా ఉచితంగా దించుకోవచ్చు. రంగుల్లో పెద్ద సైజులో ప్రింటు తీయించండి. ఒక్కో షీటు పావు డిగ్రీ పొడవు, పావు డిగ్రీ వెడల్పు నేలను చూపిస్తుంది, అంటే మన ఊరు, చుట్టుపక్కల పల్లెలు, ఇరవై ఏడు కిలోమీటర్ల మేర.

అందులో మీ ఊరి చెరువు ఉంటుంది, గుడి గుర్తు ఉంటుంది, బావి ఉంటుంది, పొలాల మధ్య బండిబాట ఉంటుంది. నీళ్లు నీలం, అడవి పచ్చ, సాగుభూమి పసుపు, ఇళ్లు ఎరుపు. గోధుమ రంగు వంకర గీతలే సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఎత్తులో 20 మీటర్ల తేడా. గీతలు దగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరంగా ఉంటే మెల్లగా వాలిన నేల. ఈ పాఠం బల్ల మీద చెబితే ఎవరికీ ఎక్కదు. ఊరి పక్కనున్న కొండో గుట్టో ఎక్కుతూ "ఇప్పుడు రెండో గీత మీద ఉన్నాం" అంటే మరిచిపోరు. కొండలు లేని కోనసీమ వాళ్లయితే వినాయకచవితి బంకమట్టితో కొండ చేసి, బేసిన్‌లో పెట్టి, నీళ్లు రెండేసి సెంటీమీటర్లు పోస్తూ ప్రతిసారీ నీటి అంచు వెంబడి పుల్లతో గీయండి. పై నుంచి చూస్తే అవే సమోన్నత రేఖలు.

పాత షీట్లలో కొత్త బైపాస్‌లు ఉండవు. అది లోపం కాదు. "ఏమేం మారాయి?" అని తాతయ్యను అడగడానికి అదే మంచి సాకు.

కొనేటప్పుడు చూడాల్సినవి

రెండేళ్ల కిందట ఒక దుకాణంలో "సరికొత్త ఎడిషన్" అని రాసి ఉన్న పటం కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే తెలంగాణలో పది జిల్లాలే ఉన్నాయి. అప్పటి నుంచి విప్పి చూడకుండా కొనడం మానేశాను. అచ్చయిన ఏడాది రాసి ఉన్నా లేకపోయినా పటం వయసు కనిపెట్టడం తేలికే. తెలంగాణలో జిల్లాలు 2016 అక్టోబరు దాకా 10, ఆ తర్వాత 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలే ఉంటే 2022 ఏప్రిల్‌కు ముందుది. లడఖ్ విడిగా లేకపోతే 2019 అక్టోబరుకు ముందుది. దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ వేరువేరు కేంద్రపాలిత ప్రాంతాలుగా ఉంటే 2020 జనవరికి ముందుది. ఇంట్లో పాతది ఉంటే పారేయకండి, కొత్తది పక్కన పెట్టి తేడాలు కనిపెట్టే ఆట ఆడించండి.

విదేశాల్లో తయారైన గ్లోబులు, పజిళ్లలో జమ్మూ కాశ్మీర్, అరుణాచల్ దగ్గర మన దేశం సరిహద్దు వేరుగా ఉండొచ్చు. అలాంటి తేడా బడి పుస్తకంతో పోల్చినప్పుడు పిల్లలను అయోమయంలో పడేస్తుంది. తెలుగు పేర్లున్న పటం దొరికితే చిన్న పిల్లలకు అదే తీసుకోండి. స్కేలు గీత, గుర్తుల పట్టిక లేని పటం ఎంత అందంగా ఉన్నా వద్దు.

దిక్సూచి కూడా కొనమంటారా అని అడుగుతుంటారు. చవకే, కొనండి, కానీ ముందు డాబా మీద ఒక కర్ర పాతి దాని నీడ చూపించండి. కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న మనకు ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం నిటారు కర్రకు నీడే ఉండదు. హైదరాబాద్, రాజమండ్రి ప్రాంతాల్లో అది మే 7–9 తేదీల దగ్గర, మళ్లీ ఆగస్టు 3–5 తేదీల దగ్గర వస్తుంది. మేలో రాజమండ్రిలో నీడ మాయమయ్యేది దాదాపు సరిగ్గా పన్నెండింటికి, హైదరాబాద్‌లో పన్నెండూ పన్నెండుకు. మన గడియారాలన్నీ నడిచే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర నుంచి పోతుంది, రాజమండ్రి దానికి దగ్గర, హైదరాబాద్ బాగా పడమటికి, కాబట్టి ఈ తేడా. రెండు ఊళ్లలో ఉన్న అన్నదమ్ముల పిల్లలు ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకేసారి నీడ చూస్తే రేఖాంశం అంటే ఏమిటో వాళ్లే చెబుతారు.

ఇక ఈ సెలవుల్లో రైలు ప్రయాణం ఉంటే దానికంటే మంచి పాఠం లేదు. స్టేషన్ల వరుస ముందే రాసుకోమనండి. విజయవాడ నుంచి విశాఖ వెళ్లే దారిలో సముద్రం ఏ కిటికీ వైపు, తూర్పు కనుమలు ఏ కిటికీ వైపు అని అడగండి. పసుపు రంగు స్టేషన్ బోర్డుల కింద చాలాచోట్ల సముద్ర మట్టం నుంచి ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. హైదరాబాద్ అయిదు వందల పైన ఉంటే విజయవాడ ముప్పై లోపే. మా మేనకోడలు పోయిన దసరాకు సికింద్రాబాద్ నుంచి వస్తూ కనిపించిన ప్రతి బోర్డూ రాసుకుంది, నిద్రపోయి నాలుగైదు వదిలేసింది. ఇంటికొచ్చి గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే దక్కన్ పీఠభూమి నుంచి కృష్ణా డెల్టాకు దిగే వాలు బయటపడింది. ఆ కాగితాన్ని హాల్లో పటం పక్కనే అంటించింది. ఇంటికొచ్చిన వాళ్లకు ఇప్పుడు రాజధానుల కంటే ముందు దాన్నే చూపిస్తోంది.